కోట కింది వీధిలో ఒక వారం

ఉప్పళం, పుదుచ్చేరి
12 జనవరి 2025

కవీ,

నీ ఉత్తరం పదిహేడు రోజులు ప్రయాణం చేసి ఇల్లు చేరింది. కవరు మూలలు నలిగి, రెండు రాత్రులు బస్సులో కూర్చుని వచ్చిన మనిషిలాగా ఉంది.

"జూన్‌లో వారం సెలవు పెడతాను, టికెట్టు నేను తీస్తాను, ఇంగ్లాండులో నువ్వు ఎక్కడికంటే అక్కడికి పోదాం అవ్వా" అని రాశావు. నేను వద్దంటానని, అప్పుడు నన్ను బతిమాలడానికి రెండు పేజీలు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నావని నాకు తెలుసు. ఆ పేజీలు దాచుకో. వస్తాను.

ఎక్కడికో కూడా చెబుతున్నాను. ఆల్డ్‌మియర్. చిన్న ఊరు. గుట్టమీద పాత కోట, దాని కింద ఒకే వీధి. మా స్కూలు అట్లాసులో నీ లీడ్సుకు అది మూడు వేళ్ళ దూరం. లండను నాకు వద్దు. రాజుగారి ఇంటి ముందు గేటు పట్టుకుని నిలబడే వయసు దాటిపోయింది.

ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బళ్ళో చరిత్ర చెప్పాను. ప్రతి ఏడూ ఎనిమిదో తరగతికి బోర్డు మీద ఇంగ్లీషు కోట గీసేదాన్ని. కందకం, ఎత్తే వంతెన, బురుజు, అన్నీ. ఒక ఏడు ఒక పిల్ల లేచి, "టీచర్, ఇంతమంది ఉండారు గదా, కక్కసు యాడ?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఆ పిల్ల ఇప్పుడు మునిసిపాలిటీలో ఇంజినీరు. కనుక, చూడకుండా చెప్పిన పాఠాన్ని ఒకసారి చూసి రావాలనుకోవడంలో తప్పు లేదు గదా.

బస మాత్రం కోటకు ఎదురుగా వద్దు. చర్చి పక్కన ఇల్లు దొరుకుతుందేమో చూడు. ఎందుకని అడగకు.

ఈ సంగతులేవీ ఫోనులో మాట్లాడకు. ఈ ఇంట్లో ఫోనంటే స్పీకరు. మీ నాన్న గురు, మీ అమ్మ నిర్మల, కుక్కరు విజిలు అందరూ ఒకేసారి మాట్లాడతారు. వీళ్ళకు తెలుగు నోటికి వస్తుంది, చేతికి రాదు. చదివేది ఇక్కడ నేను, అక్కడ నువ్వు. నిన్ను పలక ముందు కూర్చోబెట్టి ఏడిపించినందుకు మన ఇద్దరికీ మిగిలిన ఏకాంతం ఇదే.

చలికి నువ్వు పంపుతానన్న కోటు ఏ రంగైనా ఫరవాలేదు, గులాబీ తప్ప.

అవ్వ


లీడ్స్
3 ఫిబ్రవరి 2025

అవ్వా,

ఆ రెండు పేజీలు నిజంగానే రాసి పెట్టుకున్నాను. చించేశాను. నువ్వు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే నాకు భయం వేస్తుంది.

ఈ ఉత్తరాన్ని ఎర్ర ఇంకుతో దిద్ది వెనక్కి పంపవద్దని మనవి. పోయినసారి నా తప్పులు పదకొండు. ఆసుపత్రిలో నా పక్క గదిలో పనిచేసే అమ్మాయి ఆ కాగితం చూసి, నాకు కోర్టు నోటీసు వచ్చిందనుకుంది.

ఆల్డ్‌మియర్ గురించి చదివాను. నీకు ఎవరు చెప్పారు ఈ ఊరి పేరు? ఇక్కడివాళ్ళకే తెలియదు. కోటలో మిగిలింది ఒకటిన్నర గోడ. వీధి మొత్తం గుండురాళ్ళు పరిచిన ఎత్తు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఆదివారం లేదు. ఫోనుకు సిగ్నలు అందదట. తినడానికి ఒక టీ దుకాణం, ఒక సారాయి దుకాణం. ఇళ్ళకు నంబర్లు లేవు, పేర్లు ఉన్నాయి. చర్చి పక్కన ఒక ఇల్లు అద్దెకిస్తున్నారు. వీధిలోంచి ఇంటి గుమ్మానికి ఇరవై రెండు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. గుమ్మం ఎంత పొట్టిదంటే నువ్వొక్కతెవే తల వంచకుండా పోగలవు.

నీ మాట ప్రకారం జూన్ 7 నుంచి 14 దాకా ఆ ఇల్లే తీసుకున్నాను. కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు. గంట దూరంలో ఇంకా మంచి కోటలున్నాయి, పైకప్పు ఉన్నవి.

చర్చి పక్కన ఎందుకని అడగవద్దన్నావు. అడగడం లేదు. ఆశ్చర్యపోతున్నానంతే.

కోటు బూడిద రంగు.

కవి


ఉప్పళం
24 ఫిబ్రవరి 2025

కవీ,

తప్పులు ఆరే. మెరుగుపడుతున్నావు. కాగితం వెనక్కి పంపడం లేదు, సంతోషమా?

వీసాకు మద్రాసు పోయి వచ్చాం. వేలిముద్రలు తీసే గాజుపలక మీద నా పది వేళ్ళూ పెట్టించారు. ఒక్కటీ పడలేదు. ముప్పై నాలుగేళ్ళ సుద్దముక్క అరగదీసింది. ఆ అబ్బాయి తడిగుడ్డతో తుడిచి, "మళ్ళా గట్టిగా నొక్కండి అవ్వా" అన్నాడు. "గట్టిగా నొక్కడానికి ఇదేమన్నా పిండా?" అన్నాను. మీ నాన్న తల దించుకున్నాడు. నాలుగోసారికి పడ్డాయి.

ఇంట్లో అందరికీ ఒక్కొక్క అభిప్రాయం ఉంది. మీ నాన్న: "ఏంది మా, ఈ వయసులో రాళ్ళు చూసేదానికి అంత దూరమా? మహాబలిపురంలో లేవా రాళ్ళు?" మీ అమ్మ: "అత్తా, ఆడ చలికి నీ మోకాలు పట్టేస్తే ఎవురు ఎత్తుకుని తిప్పేది?" మోకాలు కొంచెం వాచిన మాట నిజమే. డాక్టరు సూది వేశాడు. ఎనభై ఒక్క ఏళ్ళు మోసిన మోకాలు అలిగితే నేను పట్టించుకోను. మెట్లు ఇరవై రెండంటే ఇరవై రెండే గదా, వంద కావు. ఒక్కొక్కటి ఒక పూటగా ఎక్కుతాను.

సారాయి దుకాణం గురించి మీ నాన్నకు చెప్పలేదు. చెబితే తనూ వస్తానంటాడు.

ఒక పని చెయ్. ఆ చర్చికి వాకిలి ఎప్పుడు తీస్తారో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కో. వెనక సమాధులున్న తోటలోకి ఎవరినైనా పోనిస్తారా?

అవ్వ


లీడ్స్
18 మార్చి 2025

అవ్వా,

తిట్టకుండా చివరిదాకా చదువుతానని ముందు మాటివ్వు.

అమ్మ ఫోను చేసింది. "కొంచెం వాచిన" మోకాలికి రెండు సూదులు వేశారనీ, బాత్రూములో గోడ పట్టుకుని అరగంట నిలబడిపోయావనీ, అది నాకు చెప్పొద్దని ఆమె మీద ఒట్టు పెట్టించుకున్నావనీ చెప్పింది. అమ్మను ఏమీ అనకు. ఏడ్చింది.

ఆల్డ్‌మియర్ ఇల్లు రద్దు చేశాను. దానికి బదులు గంట దూరంలో ఒక పెద్ద కోట ఊళ్ళో హోటలు తీసుకున్నాను. లిఫ్టు ఉంది. చక్రాల కుర్చీ కోట లోపలిదాకా పోతుంది. ఆ కోటకు నువ్వు బోర్డు మీద గీసినవన్నీ ఉన్నాయి, కందకంలో నీళ్ళతో సహా. కక్కసు ఎక్కడో కూడా చూపిస్తారట! అన్నం, సాంబారు వండే మన పక్క మనిషి హోటలు ఒకటి ఆ సందులోనే ఉంది. చర్చీ ఉంది, ఆల్డ్‌మియర్ దానికి నాలుగింతలు. నీకు చర్చిలు ఇష్టమైతే చాలినంత సేపు కూర్చుందాం.

నీ ముఖం చూడాలని ఉంది.

కవి


ఉప్పళం
5 ఏప్రిల్ 2025

కవిప్రియకు,

లిఫ్టు చూడ్డానికి ఇంగ్లాండు రావాల్సిన పని నాకు లేదు. ఈ ఊళ్ళో పెద్దాసుపత్రిలో రెండున్నాయి.

నన్ను అడగకుండా నా ప్రయాణం మార్చే అధికారం నీకు ఎవరిచ్చారు? మీ అమ్మా? ఏడిస్తే అధికారం వస్తుందని నాకు తెలియదు. నేనూ ఏడ్చి ఉందును.

నేను కోట అడగలేదు. ఆల్డ్‌మియర్ అడిగాను. చిన్నప్పుడు నువ్వు జామకాయ అడిగితే ఆపిల్ చేతిలో పెట్టి, "ఇదే ఎక్కువ ఖరీదు" అన్నానా ఎప్పుడైనా?

టికెట్టు రద్దు చెయ్. వీసా వచ్చింది, బీరువాలో పడి ఉంటుంది. కందకంలో నీళ్ళు నువ్వే చూసిరా.

అంబుజం


లీడ్స్
24 ఏప్రిల్ 2025

అవ్వా,

"అవ్వ" అని కాకుండా పేరుతో సంతకం పెట్టిన ఉత్తరం ఇదే మొదటిది. బడికి రాసిన అర్జీలాగా ఉంది.

నేను రోజుకు నలభై మందికి ఎక్స్‌రే తీస్తాను. అందులో సగం మంది పడిపోయిన ముసలివాళ్ళు. మంచం మీద పడుకోబెట్టి, "కదలకండి" అంటాను. వాళ్ళకు కదలాలన్నా చేతకాదు. కమ్మీ లేని ఇరవై రెండు మెట్ల ఫొటో చూసినప్పుడల్లా ఆ మంచం మీద నువ్వే కనిపించావు. అధికారం ఎవరిచ్చారని అడిగావు. ఆ మంచం ఇచ్చింది.

నాలుగేళ్ళయింది నేను ఇంటికి వచ్చి. నీతో ఒక వారం, ఎవరూ లేకుండా, ఉండాలనుకున్నాను. నాకోసం వస్తున్నావనుకుని లిఫ్టు వెదికాను. నువ్వు నాకోసం రావడం లేదు. కోట కోసమూ కాదు. ఒకటిన్నర గోడ కోసం ఎవరూ ఇంత కోప్పడరు. పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. చర్చి పక్కన ఇల్లు. తాళం ఎవరి దగ్గర. సమాధుల తోటలోకి పోనిస్తారా.

అక్కడ ఎవరున్నారవ్వా?

ఆల్డ్‌మియర్ ఇల్లు ఇంకా ఎవరూ తీసుకోలేదు. అవే తేదీలకు మళ్ళీ తీసుకున్నాను. నువ్వు వచ్చినా రాకపోయినా నేను పోతాను. ఎవరిని చూడాలో చెప్పు. చెప్పకపోతే రాళ్ళు చూసి వస్తాను.

కవి


ఉప్పళం
12 మే 2025

కవీ,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. ఇది నాలుగోది.

మా నాన్న తిరుమలై, మిల్లులో నేతపని చేసేవాడు. ఆయనకు ఒక చెల్లెలు, అంజలై. నాకు మేనత్త. పదహారేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పట్లో మేం కురుచికుప్పంలో సముద్రం పక్కన ఉండేవాళ్ళం. మనది ఫ్రెంచివాళ్ళ ఊరు, పక్కన కడలూరు ఇంగ్లీషువాళ్ళది. అత్త అక్కడ ఒక దొరగారి ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరింది. నలభై ఏడులో వాళ్ళు తమ దేశం వెళ్ళిపోతూ, పిల్లలు వదలడం లేదని ఆమెనూ వెంట తీసుకుపోయారు. నాకప్పుడు మూడేళ్ళు. ఓడ ఎక్కే రోజుదాకా నన్ను చంకలోంచి దించలేదని అమ్మ చెప్పేది.

మొదటి ఏడాది రెండు ఉత్తరాలు వచ్చాయట. తర్వాత మేం ఉప్పళానికి ఇల్లు మారాం. ఇక కబురు లేదు. పన్నెండేళ్ళు జాడలేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారు. యాభై తొమ్మిదిలో, ఆడి నెల అమావాస్యకు నాన్న సముద్రపొడ్డున చేశాడు. బొమ్మ మూరెడు కూడా లేదు. దాన్ని చూసి నాన్న, "ఇంతే ఉండె మా అంజలై, పుట్టినప్పుడు" అన్నాడు.

ఆరు నెలలకు, పాత ఇంటి పక్కన ఉండే రాసాత్తి చేపల తట్టలో ఒక కవరు పెట్టుకుని వచ్చింది. అంజలై ఉత్తరం. తెలుగులో. ఇంట్లో చదవడం వచ్చింది నాకొక్కదానికే. అత్తకు ఊపిరితిత్తుల జబ్బు చేసిందట. ఆసుపత్రిలో చాలాకాలం ఉండి, ఆల్డ్‌మియర్ అనే ఊళ్ళో, కోట కింది వీధిలో, చర్చి పక్కన ఒకరింట్లో ఉందట. ఇంటికి రావాలని ఉంది, దారి ఖర్చులు దొరగారు ఇస్తారు, రమ్మని ఒక్క మాట రాయించండి అని అడిగింది.

కర్మ చేసేసిన మనిషి తిరిగి వస్తే అరిష్టమన్నాడు పురోహితుడు. నాన్న ఆ ఉత్తరం చించెయ్యమన్నాడు. చించాను. నాకు పదిహేనేళ్ళు.

అదీ సంగతి. ఆమె సమాధి ఉందేమో చూడు. ఉంటే, ఏమీ చెయ్యకు. ఊరికే పక్కన కాసేపు నిలబడు.

మోకాలు ఎట్లున్నా జూన్‌కు నేను రాలేను. మీ అమ్మకు ఆ మాట చెప్పాను, సంతోషించింది. సంతోషపడినందుకు ఏమీ అనలేదు, గమనించు.

అవ్వ


ఆల్డ్‌మియర్
9 జూన్ 2025

అవ్వా,

ఇది చర్చి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు.

సమాధి ఉంది. తోటలో గోడ వైపు, చివరి వరసలో. రాయి మీద మూడే ముక్కలు. "అంజలై. 1923–1991. ఈ వీధికి అన్నం పెట్టింది."

చర్చి తాళం డోరతీ అనే ఆవిడ దగ్గర ఉంటుంది. ఎనభై నాలుగేళ్ళు. నేను అంజలై పేరు అనగానే నా ముఖం వైపు చూసి, "ఇన్నాళ్ళకు ఒకరు వచ్చారా?" అంది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి టీ ఇచ్చింది. నేను అడగకుండానే చెప్పుకుంటూ పోయింది.

మీ అత్తకు జబ్బు నయమైందట. టీ దుకాణం వంటింట్లో ముప్పై ఏళ్ళు పనిచేసిందట. వీధిలో ఎవరికి జలుబు చేసినా మిరియాల చారు గిన్నెలో పోసుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడేదట, తాగేదాకా కదిలేది కాదట. డోరతీకి ఆ చారు అంటే ఇప్పటికీ భయం. అత్త చాలా నవ్వేదనీ, ఆ వీధి పిల్లల్ని మన భాషలో తిట్టేదనీ, ఏం తిట్టేదో వాళ్ళకు ఇప్పటికీ తెలియదనీ చెప్పింది. ఒకటి గుర్తుపెట్టుకుని అంది కూడా. నేను అర్థం చెప్పలేదు. నువ్వు నన్ను తిట్టేదే అవ్వా, అచ్చంగా.

ఇప్పుడు అసలు మాట. అత్త ఆ ఉత్తరం రాసి రెండేళ్ళు ఎదురుచూసిందట. పోస్టు బండి వచ్చే వేళకు వీధి చివర నిలబడేదట. తర్వాత ఒకరోజు పాదిరి దగ్గరికి పోయి, మా వైపు సముద్రంలో పెద్ద తుఫాన్లు వస్తాయి, మావాళ్ళది ఒడ్డున ఇల్లు, అందరూ పోయి ఉంటారు అని చెప్పిందట. పాదిరి, "ఉత్తరం అందలేదేమో, లేదా రాయలేదేమో" అన్నాడట. దానికి ఆమె అన్న మాట డోరతీ వాళ్ళమ్మ చెవులారా విన్నది: "మావాళ్ళు నాకు జవాబు రాయకుండా ఉండేవాళ్ళు కాదు. బతికుంటే రాసేవాళ్ళు."

ఈ చర్చిలో ఒక పుస్తకం ఉంది. ఊళ్ళో వాళ్ళు తమ పోయినవాళ్ళ పేర్లు అందులో రాయిస్తారు. ప్రతి ఏడూ నవంబరు రెండున, ఇంటి దగ్గర మన వీధి కిరస్తానీలు కల్లరై పండక్కి ఉప్పళం సమాధులకు పూలు తీసుకుపోయే రోజే, ఇక్కడ ఆ పేర్లన్నీ పైకి చదువుతారు. రాసిన పేరు కొట్టేయరు. 1962 పేజీ డోరతీ తీసి చూపించింది. అత్త చెప్పి రాయించిన పేర్లు మూడు.

తిరుమలై. పట్టమ్మాళ్. అంబుజం.

ముత్తాతయ్య, ముత్తవ్వ, నువ్వు.

అరవై మూడు సార్లు చదివారవ్వా. పోయిన నవంబరులో కూడా. నువ్వప్పుడు నాతో ఫోనులో ఉల్లిపాయల ధర గురించి కొట్లాడుతూ ఉండి ఉంటావు.

నువ్వు బతికే ఉన్నావని డోరతీకి చెప్పాను. ఆవిడ పుస్తకం మళ్ళీ తెరిచింది. ఇప్పటి పాదిరమ్మను అడిగి నీ పేరు కొట్టేయించమంటావా అని అడుగుతోంది. ఏం చెప్పను?

ముత్తాతయ్య ఉత్తరం ఎందుకు చించమన్నాడో నాకు అర్థం కావడం లేదు. బొమ్మను చూసి అంత మాట అన్న మనిషి.

కవి


ఉప్పళం
27 జూన్ 2025

కవీ,

అర్థం కాకపోవడం నీ తప్పు కాదు. నేను నీకు రాసింది అబద్ధం.

నాన్న చించమనలేదు. పురోహితుడు అరిష్టమనలేదు. ఉత్తరం చదివి వినిపించగానే నాన్న నవ్వాడు, ఏడ్చాడు. అప్పుడే చొక్కా వేసుకుని పురోహితుడి ఇంటికి పరుగెత్తాడు. చచ్చిపోయారని కర్మ చేసినవాళ్ళు తిరిగి వస్తే దానికీ ఒక తంతు ఉంది. కొత్తగా పుట్టిన బిడ్డకు చేసినట్టు స్నానం చేయించి మళ్ళీ పేరు పెడతారు. నాన్న తిరిగి వచ్చి, "మా అంజలైకి నేనే పేరు పెడతా. నువ్వు రాయి అంబుజం, యాడున్నా బయల్దేరి రమ్మని రాయి" అన్నాడు. ఆయన చెబుతూ ఉంటే నేను రాశాను. పోస్టులో వేసి వస్తానని బయటికి పోయాను. వెయ్యలేదు.

ఎందుకంటావా? ఆ వారమే నాకు కడలూరులో టీచరు ట్రైనింగుకు సీటు వచ్చింది. అమ్మకు అప్పటికే కాళ్ళు పడిపోయి ఉన్నాయి. ఊపిరితిత్తుల జబ్బుతో ఇంకో మనిషి వస్తే చేసేది ఎవరు? ఇంట్లో ఉన్న ఆడపిల్లను నేనొక్కతెనే. నన్ను ఆపేస్తారని ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను. రెండు ఉత్తరాలూ, ఆమెదీ నాదీ, పొయ్యిలో పెట్టాను. పోస్టు వేశావా అంటే వేశానన్నాను. ఆ సర్టిఫికెట్టు హాల్లో గోడమీద ఉంది, నువ్వు చిన్నప్పుడు దాని అద్దం తుడిచేదానివి.

నాన్న ఎనిమిదేళ్ళు ఎదురుచూశాడు. ఓడ వచ్చిందని వింటే మిల్లు నుంచి నేరుగా ఓడరేవుకు పొయ్యేవాడు. దిగేవాళ్ళందరినీ చూసి, చీకటిపడ్డాక వచ్చి, "ఈ ఓడలో రాలేదు" అనేవాడు. రెండోసారి రాయమని నన్ను ఎప్పుడూ అడగలేదు. చెల్లెలికి కోపం వచ్చిందనుకున్నాడు, కర్మ చేసినందుకు. అట్లా అనుకునే పోయాడు.

నేను నీకు మొదట రాసిన కథను అరవై ఐదేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అందులో నాన్నను చెడ్డవాణ్ణి చేశాను, పనికి వచ్చాడు కనుక. "బతికుంటే రాసేవాళ్ళు" అని ఆమె అన్నది చదివాక ఆ కథ ఇక నడవలేదు. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నన్ను మంచిదాన్నని నమ్మి, అందుకోసం చంపేసింది.

నిన్న పొద్దున ఇడ్లీ దగ్గర మీ నాన్నకూ అమ్మకూ అంతా చెప్పాను. మీ నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సాయంత్రం వచ్చి, "ఇన్నేండ్లు ఎట్లా దాచుకున్నావు మా?" అన్నాడు. "నోరు మూసుకుని" అన్నాను. ఆ ఒక్క విషయంలోనే మూసుకున్నానని వాడికీ తెలుసు. మీ అమ్మ మాత్రం కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "చల్లారిపోతాది తాగు అత్తా" అంది. ముప్పై ఆరేళ్ళుగా నేను ఆమెను అన్న మాటలన్నిటికీ ఆమె జవాబు అదేనేమో, నాకు అప్పుడు తట్టింది.

ఇక నువ్వు అడిగినదానికి. నా పేరు కొట్టేయించవద్దు. డోరతీకి చెప్పు, పాదిరమ్మకు చెప్పు, ప్రతి ఏడాదిలాగానే చదవమని. నవంబరు రెండుకు నేను అక్కడ ఉంటాను. ఉన్న వీసా అక్టోబరుతో అయిపోతుంది, మళ్ళీ అర్జీ పెట్టమని మీ నాన్నకు చెప్పాను. అప్పుడే కాగితాలు తీశాడు. ఆ చర్చి పక్క ఇల్లే తీసుకో, ఒక మంచం ఎక్కువ వేయించు. మీ అమ్మ కూడా వస్తోంది. "మెట్లకాడ ఒక పక్క నేను పట్టుకుంటా, ఇంకో పక్క కవి" అంది. వద్దని నేను అనలేదు.

ముప్పై నాలుగేళ్ళు పొద్దున్నే పిల్లల పేర్లు పిలిచాను. క్లాసులో ఉండి కూడా పేరు పిలిస్తే పలకని పిల్లను నేను ఒక్క రోజూ వదిలిపెట్టలేదు, లేపి నిలబెట్టేదాన్ని. ఆ చర్చిలో నా పేరు అరవై మూడు సార్లు పిలిచారు. ఈసారి నేను లేచి నిలబడతాను. వాళ్ళకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, తెలుగులోనే పలుకుతాను. అది వినాల్సిన మనిషి గోడ అవతల ఉంది.

అవ్వ